ఒకే పెద్ద అడవా, చిన్నచిన్న ముక్కలా: ఏది మేలు?

కాపాడుకోగలిగింది 100 హెక్టార్ల అడవే అనుకోండి. అంతా ఒకే చోట ఉంటే మేలా, ముక్కలుగా పదిచోట్ల ఉంటే మేలా? విస్తీర్ణం ఒకటే కదా, తేడా ఏముంటుంది అనిపిస్తుంది. చాలా ఉంది.

అడవి అంచున ఎండా గాలీ నేరుగా తగులుతాయి. నేలలో తడి ఆరిపోతుంది, పెద్ద చెట్లు గాలికి కూలతాయి, తీగలు అల్లుకుపోతాయి. ఈ ప్రభావం 100 మీటర్ల లోపలిదాకా వెళ్తుందనుకుందాం. చదరంగా ఉన్న 100 హెక్టార్ల అడవికి ఒక్కో వైపు 1000 మీటర్లు. నాలుగు వైపులా అంచు తీసేస్తే, అసలైన లోపలి అడవి 64 హెక్టార్లు మిగులుతుంది. అదే పది హెక్టార్ల ముక్కలు పది అయితే, అన్నీ కలిపినా 14 హెక్టార్లు కూడా రాదు. ఇక ఒక్కో హెక్టారు ముక్కలైతే లోపలంటూ ఏమీ ఉండదు, అంతా అంచే.

ఇది కాగితం లెక్కే కాదు. బ్రెజిల్‌లో, అమెజాన్ అడవి మధ్య ఉన్న మనౌస్ నగరం దగ్గర 1979లో జీవశాస్త్రవేత్త థామస్ లవ్‌జాయ్ మొదలుపెట్టిన ప్రయోగంలో 1, 10, 100 హెక్టార్ల అడవి ముక్కల్ని ఏళ్ల తరబడి గమనించారు. అక్కడ దండుగా కదిలే చీమల వెంట తిరిగే పక్షులున్నాయి. చీమలకి బెదిరి బయటికొచ్చే పురుగుల్ని పట్టుకు తింటాయి. చీమల దండుకి చాలా చోటు కావాలి. చిన్న ముక్కల్లో దండు నిలవదు, దాంతో ఆ పక్షులూ మాయమయ్యాయి. చీకటి అడవికి అలవాటుపడిన కొన్ని పక్షులైతే వంద మీటర్లు కూడా లేని ఖాళీని దాటడానికే జంకుతాయి.

అలాగని చిన్న ముక్కల్ని తీసిపారేస్తే నేను ఒప్పుకోను. పెద్ద రిజర్వులే (రక్షిత అడవులే) మేలని 1975లో శాస్త్రవేత్త జారెడ్ డైమండ్ వాదిస్తే, అన్నిచోట్లా అది నిజం కాదని మరుసటి ఏడాదే సింబర్లాఫ్, ఏబెల్ అనే మరో ఇద్దరు శాస్త్రవేత్తలు ఎదురు చెప్పారు. రకరకాల నేలల్లో విడివిడిగా ఉన్న ముక్కలన్నిటినీ కలిపి లెక్కపెడితే జాతులు ఎక్కువే తేలొచ్చు. మంటో తెగులో వస్తే అన్నీ ఒక్కసారే పోవు. నీటి గుంటల విషయంలోనూ అంతే: చాలా కప్పలకి పెద్ద చెరువు కన్నా, ఎండాకాలంలో ఎండిపోయే చిన్న గుంటలే క్షేమం. ఎండే గుంటలో చేపలు బతకవు కాబట్టి తోకకప్పల్ని తినేవి తగ్గుతాయి.

ముక్కల మధ్య కారిడార్, అంటే వాటిని కలిపే సన్నటి అడవి దారి ఉంటే ఇంకా నయం, జంతువుల రాకపోకలు సాగుతాయి.

నా మాట అడిగితే, చెక్కుచెదరని అడవి ఉన్నచోట దాన్ని ముక్కలు చెయ్యకూడదు. ఇప్పటికే ముక్కలైన చోట ప్రతి ముక్కా విలువైనదే. పై లెక్కనే చూడండి: 100 హెక్టార్ల అడవి నట్టనడుమ సన్నటి రోడ్డు వేసి, దానికి అటూ ఇటూ కూడా 100 మీటర్ల అంచు ఏర్పడితే, లోపలి అడవి 64 నుంచి 48 హెక్టార్లకి పడిపోతుంది. రోడ్డు తప్పనిసరైతే, అది అడవి పక్కనుంచి పోయేలా అడగాలి.