స్మోక్ ఆన్ ది వాటర్: స్టూడియో పాట మేలా, ఒసాకా లైవ్ మేలా?

బ్రిటిష్ రాక్ బ్యాండ్ డీప్ పర్పుల్ అనగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చే పాట ఇది. దీని రికార్డింగుల్లో రెండింటికి పేరెక్కువ: 1972 మార్చిలో విడుదలైన 'మెషిన్ హెడ్' ఆల్బమ్‌లోది, అదే ఏడాది ఆగస్టు 15న ఒసాకాలో వాయించగా 'మేడ్ ఇన్ జపాన్' లైవ్ ఆల్బమ్‌లోకి ఎక్కింది. 1973లో అమెరికా పాటల చార్టు బిల్‌బోర్డ్‌లో 4వ స్థానం దాకా వెళ్లిన సింగిల్ (విడిగా విడుదల చేసిన పాట) ఒకటుంది గానీ, అది కత్తిరించిన సరుకు. దాన్ని పక్కన పెట్టేద్దాం.

ముందు కథ. 1971 డిసెంబర్ 4, స్విట్జర్లాండ్‌లో జెనీవా సరస్సు ఒడ్డున ఉన్న మాంట్రూ. అక్కడి కసినోలో ఆల్బమ్ చేసుకుందామని రోలింగ్ స్టోన్స్ బ్యాండ్ వాళ్ల మొబైల్ స్టూడియోను (ట్రక్కులో ఉండే రికార్డింగ్ స్టూడియో) మాట్లాడుకుని వచ్చింది బ్యాండ్. ఆ రోజు అమెరికన్ రాక్ సంగీతకారుడు ఫ్రాంక్ జాపా కచేరీ అయిపోతే హాలు వీళ్లదే. ఇంతలో జనంలో ఒకడు ఫ్లేర్ గన్‌ను (మంట వెలుగు చిమ్మే సిగ్నల్ తుపాకీని) పైకప్పు వైపు పేల్చాడు. కసినో మొత్తం కాలిపోయింది. జాజ్ ఫెస్టివల్ నడిపే క్లాడ్ నోబ్స్ లోపల చిక్కుకున్నవాళ్లను బయటికి తెచ్చాడు. పాటలో ఆయన పేరు అందుకే ఉంది. సరస్సు మీద పొగ కమ్ముకోవడం బ్యాండ్ కళ్లారా చూసింది. తర్వాత ఒకరోజు నిద్ర లేస్తూనే బాసిస్టు రోజర్ గ్లోవర్ నోటికి ఈ పేరు వచ్చిందట.

హాలు పోవడంతో పెవిలియన్ థియేటర్‌కు మారారు. రాత్రిపూట ఆ మోతకు ఊరివాళ్లు ఊరుకుంటారా? పోలీసులొచ్చారు. వాళ్లు తలుపు బాదుతుంటే, టేక్ పూర్తయ్యేదాకా సిబ్బంది లోపలి నుంచి అదిమి పట్టుకున్నారని బ్యాండ్ వాళ్లే చెబుతారు. ఆ టేక్ ఈ పాట వాద్యాలదే. మిగతా ఆల్బమంతా చలికాలానికి మూసేసిన గ్రాండ్ హోటల్లో చేశారు.

వాయింపు ఒక్కటే చూస్తే ఒసాకాదే పైచేయి. గిటారిస్టు రిచీ బ్లాక్‌మోర్ రిఫ్‌ను (పాటలో మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ వరసను) కాస్త ఆటపట్టిస్తూ మొదలుపెడతాడు, ఇయాన్ పైస్ డ్రమ్స్ చెలరేగిపోతాయి, చివర్లో బ్లాక్‌మోర్ గిటార్‌కు జాన్ లార్డ్ ఆర్గన్ జవాబిస్తుంది. జుగల్బందీ ఇష్టపడేవాళ్లకు పండగే.

అయినా నా ఓటు స్టూడియోకే. ఒసాకాలో వాళ్లు జరిగినదాన్ని జనానికి చెబుతున్నారు. స్టూడియో పాటలో అది ఇంకా జరుగుతూనే ఉంది. చివరి చరణం గ్రాండ్ హోటల్ గురించి, బయట నిలబెట్టిన ఆ మొబైల్ స్టూడియో గురించే కదా. ఇక్కడ గిటార్ ఒక్కటే ముందొస్తుంది, మిగతావి ఒక్కొక్కటిగా చేరతాయి. లైవ్‌లో ఆ పొదుపు లేదు.

గిటార్ నేర్చుకునేవాళ్లు కూడా స్టూడియోదే వినాలి. బ్లాక్‌మోర్ ఆ రిఫ్‌ను పిక్‌తో (తీగలు మీటే చిన్న బిళ్లతో) కొట్టడు, రెండు తీగలను వేళ్లతో ఒకేసారి మీటుతాడు. పిక్ పట్టుకుని పవర్ కార్డులు (రాక్‌లో వాడే రెండు స్వరాల కార్డులు) బాదితే ఆ నాదం రాదు. స్టూడియో పాట మొదటి కొన్ని సెకన్లలో గిటార్ ఒంటరిగానే ఉంటుంది కాబట్టి ఆ తేడా ఇట్టే పట్టుబడుతుంది.