సెంట్రల్ పార్క్‌లో పిట్టల కోసం ఒక అక్టోబర్ ఉదయం

మాది సూళ్లూరుపేట దగ్గర పల్లె. నేలపట్టులో గూడబాతులు, పులికాట్‌లో ఫ్లెమింగోలు చూస్తూ పెరిగాను. అవి పెద్ద పక్షులు, గట్టున నిలబడితే చాలు కనిపిస్తాయి. న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లో వెతకాల్సింది బొటనవేలంత పిట్టల్ని. అందుకే మొదటిసారి వెళ్లేవాళ్లు, గైడ్ దగ్గరుండి పిట్టల్ని చూపించే గ్రూపుతోనే వెళ్లండి. నేనూ అలాగే వెళ్లాను.

నేను వెళ్లింది అక్టోబర్ రెండో శనివారం. ముందు రాత్రంతా వాయవ్యం నుంచి చలిగాలి. గాలి అలా వాయవ్యానికి తిరిగిందంటే దక్షిణానికి వలస వెళ్లే పిట్టలు రాత్రికి రాత్రే బయలుదేరతాయి. తెల్లారేసరికి మాన్‌హటన్ భవనాల మధ్య వాటికి దొరికే పెద్ద పచ్చని చోటు ఈ 843 ఎకరాలు. కాబట్టి క్యాలెండర్ కంటే వాతావరణం చూసుకుని రోజు ఎంచుకోవడం మంచిది.

న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి మాన్‌హటన్ పెన్ స్టేషన్‌కి రైల్లో వెళ్లి, అక్కడ సబ్‌వేలో సి ట్రైన్ ఎక్కి 81వ వీధిలో దిగాను. శనాదివారాల్లో బి ట్రైన్ నడవదు, దాని కోసం చూడకండి.

నడక మొత్తం ర్యాంబుల్‌లోనే. పార్కు మధ్యలో మెలికలు తిరిగే బాటలతో చిట్టడవిలా ఉంటుంది. అక్కడ అజేలియా పాండ్ అనే కుంట దగ్గర ఒక పెద్దావిడ నా మోచేయి పట్టుకుని ఆపి, చెట్టు మొదలు వైపు చూపించారు. ఎల్లో బెల్లీడ్ సాప్‌సకర్, వడ్రంగిపిట్టల్లో ఒక రకం. బెరడు మీద స్కేలు పెట్టి గీసినట్టు వరసగా చిన్న గుంటలు పొడిచి, ఊరిన రసం తాగుతోంది. మా ఊళ్లో తాటిచెట్టు గీసి కల్లు దించేవాళ్లు గుర్తొచ్చారు. అది పక్కకి జరిగిందో లేదో, ఆరేడు గ్రాములుండే రూబీ క్రౌన్డ్ కింగ్లెట్ రెక్కలు విదిలిస్తూ వచ్చి అదే గుంటలో ముక్కు పెట్టింది. ఒక్కణ్నే ఉంటే ఆ చెట్టు దాటి వెళ్లిపోయేవాణ్ని.

నచ్చనిది ఒకటే. ఒక గైడ్‌కి 24 మందిమి. బాట సన్నగా ఉంటుంది, వెనక నడిచేవాళ్లకి మాట వినపడేసరికి పిట్ట ఎగిరిపోతోంది. ఈ నడకకి నేనిచ్చిన 15 డాలర్లు పెద్ద ఖర్చు కాదు గానీ, 10 మందికి మించని గ్రూపయితే రెట్టింపు ఇచ్చినా నాకు ఇష్టమే. బైనాక్యులర్స్ మాత్రం సొంతవి తీసుకెళ్లండి. వాళ్లు అరువిచ్చినవాటి అద్దాలు మసకగా ఉన్నాయి. 8 బై 42 సైజు, అంటే 8 రెట్లు పెద్దగా చూపించే, ముందు అద్దం 42 మిల్లీమీటర్లుండేది, ఈ చెట్ల నీడకి సరిపోతుంది.

నడక అయ్యాక బయటికొస్తే, ఒక అద్దాల భవనం ముందు ఫుట్‌పాత్ మీద వైట్ త్రోటెడ్ స్పారో పడి ఉంది. అద్దంలో చెట్టు నీడ చూసి నిజం చెట్టనుకుని గుద్దుకుంది. ఈ నగరంలో ఇలా ఏటా 90 వేల నుంచి 2 లక్షల 30 వేల పక్షులు చనిపోతాయని అంచనా. ఇది బతికే ఉంది. కంటి ముందు పసుపు చుక్క, కళ్లు సగం మూత. పెద్దావిడ బ్యాగులోంచి కాగితం సంచి తీసి, దాన్ని మెల్లగా లోపల పెట్టి నా చేతికిచ్చారు. కొలంబస్ అవెన్యూలో వైల్డ్ బర్డ్ ఫండ్ అని పక్షుల ఆస్పత్రి ఉంది, అక్కడికి నడిచాం. సంచి బరువే తెలియలేదు. సగం దారిలో లోపల గోళ్లతో కాగితాన్ని గీరుతున్న చప్పుడు మొదలైంది. ఆస్పత్రి కౌంటర్ దగ్గర సంచి అందించేవరకూ అది ఆగలేదు.