ఎఫ్-డ్రాయిడ్: యాప్ అమ్ముడుపోయినా నా ఫోన్ చెదరలేదు

ఎఫ్-డ్రాయిడ్ అంటే ఆండ్రాయిడ్ ఫోన్లకు ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ బయటపెట్టిన) యాప్‌లిచ్చే స్టోర్. దాన్ని ఎలా ఎక్కించుకోవాలో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. అది వదిలేస్తున్నా. ఏళ్ల తరబడి వాడాక ఇందులో నాకు గట్టిగా నచ్చింది ఒక్కటే: డెవలపర్ ఏది పంపితే అది మనకు అంటగట్టరు. సోర్స్ కోడ్ తెచ్చుకుని దాన్నుంచి యాప్‌ను ఎఫ్-డ్రాయిడ్ వాళ్లే తయారుచేసి చూస్తారు. కోడ్ బయటపెట్టని యాప్‌కు చోటే లేదు.

దీని విలువ 2023 చివర్లో తెలిసొచ్చింది. సింపుల్ మొబైల్ టూల్స్ వాళ్ల గ్యాలరీ, క్యాలెండర్, కాంటాక్ట్స్, ఫైల్ మేనేజర్ అన్నీ నా ఫోన్లో ఉండేవి. ప్రకటనల్లేని చిన్న యాప్‌లు. వాటి డెవలపర్ మొత్తం ప్రాజెక్టును జిపోయాప్స్ అనే కంపెనీకి అమ్మేశాడన్న వార్త వచ్చింది. ఇంట్లోవాళ్ల ఫొటోలన్నీ చూసే యాప్ ఎవరి చేతికో వెళ్తోందంటే టెన్షన్ పడకుండా ఎలా ఉంటాం? ప్లే స్టోర్లో యాప్ చేతులు మారినా వాడేవాళ్లకు కబురు రాదు. పేరు అదే, ఐకాన్ అదే, వచ్చే అప్‌డేట్ మాత్రం కొత్త యజమానిది. (అమ్మినతన్ని తిట్టాలనిపించలేదు. అన్ని యాప్‌లు అన్నేళ్లు మోయడం మాటలు కాదు. మనలో డబ్బులిచ్చినవాళ్లు ఎందరు?)

ఎఫ్-డ్రాయిడ్‌లో అవి పాత వెర్షన్ దగ్గరే ఆగిపోయాయి. నాకు కావలసిందీ అదే. ఈలోగా, అదే ప్రాజెక్టులో పనిచేసిన నవీన్ సింగ్ ఆ కోడ్‌ను తీసుకుని ఫాసిఫై పేరుతో కొనసాగించాడు. లైసెన్సు అందుకు ఒప్పుకుంటుంది. ఒకసారి బయటికి వదిలిన కోడ్‌ను ఎవరు కొన్నా వెనక్కి లాక్కోలేరు. 2024లో ఒక్కో యాప్ వస్తుంటే ఒక్కోటీ మార్చుకుంటూ పోయా. పాత క్యాలెండర్‌లోంచి ఫైలు తీసి కొత్తదాంట్లో వేస్తే పుట్టినరోజులు, ఎల్ఐసీ ప్రీమియం తేదీలు అన్నీ వచ్చేశాయి. మా ఆవిడైతే గ్యాలరీ మారిందని గమనించనేలేదు.

నెక్స్ట్‌క్లౌడ్ (ఫోన్లోని ఫైళ్లను సొంత సర్వర్‌లో దాచుకునే యాప్) వాడేవాళ్లకు ఇంకో సంగతి గుర్తుండే ఉంటుంది. అన్ని ఫైళ్లూ చూసే అనుమతిని 2024లో గూగుల్ తీసేయడంతో ప్లే స్టోర్ వెర్షన్ ఫొటోలు, వీడియోలు తప్ప వేరేవి ఎక్కించలేకపోయింది. 2025 మేలో వాళ్లు బహిరంగంగా గొడవ చేశాకే అనుమతి తిరిగొచ్చింది. ఎఫ్-డ్రాయిడ్ వెర్షన్‌కు ఆ బెడద తగల్లేదు. గొంతున్న కంపెనీ కాబట్టి సరిపోయింది, ఒంటరిగా యాప్ రాసుకునేవాడి మాట ఎవరు వింటారు?

అలాగని అంతా బాగుందని కాదు. యాప్‌ను మళ్లీ తయారుచెయ్యాలి కాబట్టి అప్‌డేట్లు చాలాసార్లు కొన్ని రోజులు ఆలస్యంగా వస్తాయి. భద్రతకు సంబంధించిన మార్పులకూ ఇదే వరస. పైన నేను మెచ్చుకున్న పద్ధతి మూల్యం ఇదే. ఎప్పుడో వదిలేసిన యాప్‌లూ జాబితాలో కలిసే ఉంటాయి, చివరి అప్‌డేట్ తేదీ చూసుకోవాలి. ఫోన్‌పే, బ్యాంకు యాప్‌లు ఇక్కడ దొరకవు.

ఇదంతా ఎన్నాళ్లుంటుందన్నదే అనుమానం. ప్లే స్టోర్ బయటి యాప్‌ల డెవలపర్లూ తమ దగ్గర గుర్తింపు నమోదు చేసుకోవాలని, లేకపోతే ఆ యాప్‌లు ఫోన్లో ఎక్కవని గూగుల్ 2025 ఆగస్టులో ప్రకటించింది. 2026 సెప్టెంబర్‌లో బ్రెజిల్, ఇండొనేసియా, సింగపూర్, థాయిలాండ్‌లతో మొదలుపెట్టి, 2027 నుంచి మిగతా దేశాలకు విస్తరిస్తామని చెప్పింది. అదే జరిగితే ఈ ప్రాజెక్టే ఉండదని ఎఫ్-డ్రాయిడ్ వాళ్లు రాశారు. 2025 నవంబర్‌లో గూగుల్ కాస్త తగ్గి, అనుభవం ఉన్నవాళ్లకు వేరే దారి ఉంచుతామంది. ఆ దారిలో ఎన్ని హెచ్చరికలు దాటాలో చూశాకే నమ్ముతా.

ఇంట్లో ఫోన్లు బాగుచేసేది నేనే కాబట్టి నాకిది సరిపోయింది. మా నాన్న ఫోన్లో మాత్రం గ్యాలరీ, క్యాలెండర్ వరకే ఇందులోంచి వేశాను. మిగతావన్నీ ప్లే స్టోర్‌వే.