దేశీ బ్రేక్ బ్యారెల్ ఎయిర్ రైఫిల్: ఆరేళ్ల వాడకం, బ్యారెల్ వంకర సంగతి

0.177 క్యాలిబర్, అంటే గొట్టం లోపలి వ్యాసం 4.5 మి.మీ. ఉన్న స్ప్రింగ్ రైఫిల్. బ్యారెల్‌ను (గొట్టాన్ని) కిందికి మడిస్తే లోపలి స్ప్రింగ్ బిగుస్తుంది; ట్రిగ్గర్ నొక్కితే ఆ స్ప్రింగ్ పిస్టన్‌ను తోసి, గాలి ఒత్తిడితో పెల్లెట్‌ను (చిన్న గుండును) పంపుతుంది. తయారీ మన దేశానిదే. బ్యారెల్ పొడవు 400 మి.మీ., బరువు మూడు కిలోల పైచిలుకు. శక్తి 20 జౌల్స్ లోపే కాబట్టి 2016 ఆయుధ నిబంధనల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. అనంతపురం పక్కన శెనక్కాయ చేను గట్టున, పది, ఇరవై మీటర్ల దూరాల్లో ఆరేళ్లుగా వాడకంలో ఉంది. 500 పెల్లెట్ల డబ్బాలు ఇరవై దాకా ఖాళీ అయ్యాయి. కంపెనీ పేరు రాయడం లేదు. ఇలాంటి దేశీ బ్రేక్ బ్యారెల్ రైఫిళ్లన్నిటికీ ఇవే జబ్బులు.

గురి తప్పుతోంది అనగానే అందరూ ముందు నింద వేసేది బ్యారెల్ మీదే. ఒక కన్ను మూసి పొడుగునా చూసి "వంకర పోయిందిలే" అని తేల్చేస్తారు. ఈ రైఫిల్‌కు నిజంగానే పోయింది. రెండో ఏడు బ్యారెల్ మడిచి ఉండగా ట్రిగ్గర్ పడింది. స్ప్రింగ్ బలమంతా ఒక్కసారిగా వదిలేసరికి బ్యారెల్ గిరుక్కున పైకి లేచి మూసుకుంది, బ్లాకు (బ్యారెల్ మొదలు బిగించి ఉండే ఇనుప దిమ్మ) దాటిన చోట పైకి వంగింది. అయినా అయిదు పెల్లెట్ల గ్రూపు (అన్నీ పడిన చోట్ల మధ్య వెడల్పు) పది మీటర్లలో 13 మి.మీ. దాటలేదు. పడిన చోటు మాత్రం మారింది. వంకర బ్యారెల్ ప్రతి పెల్లెట్‌నూ ఒకే తప్పు చోటికి పంపుతుంది, అంతే. పెల్లెట్లు చల్లినట్టు పడుతుంటే కారణం ఇంకెక్కడో వెతకాలి.

లెక్క తేలికే. 400 మి.మీ. బ్యారెల్ బ్లాకు దగ్గర వంగి మూతి ఒక మి.మీ. పైకి లేస్తే పది మీటర్ల దగ్గర 25, ఇరవై మీటర్ల దగ్గర 50 మి.మీ. తేడా వస్తుంది. ఇది స్కోపు (రైఫిల్ మీద బిగించే గురి దుర్భిణి) ఉన్నప్పటి మాట. ఓపెన్ సైట్లతో ఇంత తేడా కనిపించదు. ఓపెన్ సైట్లంటే గురి చూసే గుర్తులు: చాలా మోడళ్లలో వెనకది (రియర్ సైట్) బ్లాకు మీద, ముందుది (ఫ్రంట్ సైట్) మూతి మీద ఉంటాయి. బ్యారెల్ పైకి వంగితే ఫ్రంట్ సైట్ కూడా దాంతోపాటే లేస్తుంది, కాల్చేవాడు తెలియకుండానే మూతి దించుతాడు. అందుకే ఏళ్ల తరబడి ఓపెన్ సైట్లతో బాగా కొట్టిన రైఫిల్ స్కోపు బిగించిన రోజున మొరాయిస్తుంది. స్కోపు మరలు చివరిదాకా తిప్పినా గురి కలవదు. పాపం ఆ స్కోపును తిట్టి షాపులో వాపసు ఇచ్చేవాళ్లూ ఉన్నారు.

మూతి కిందికి వాలి ఉండటం మాత్రం వేరే సంగతి. చాలా బ్రేక్ బ్యారెళ్లు ఫ్యాక్టరీ నుంచే రవంత వాలి వస్తాయి. దానికి బ్యారెల్ వంచనక్కర్లేదు. స్కోపును పట్టి ఉంచే వెనక మౌంట్ (బిగింపు) కింద అర మి.మీ. రేకు ముక్క పెడితే సరిపోతుంది. ఇంకా మందం పెడితే స్కోపు ట్యూబే నొక్కుకుపోతుంది, అప్పుడు వాలుకు తగ్గట్టు చేసిన మౌంట్ కొనడమే మేలు.

వంకర ఎక్కడుందో కనిపెట్టడం: పివట్ (బ్యారెల్ మడిచే కీలు) బోల్టు తీసి బ్యారెల్ వేరు చేయాలి. 300 మి.మీ. స్టీలు స్కేలును అంచు మీద నిలిపి బ్యారెల్ పైన, కింద, రెండు పక్కలా ఆనించి వెనక నుంచి వెలుతురు చూడాలి. వెలుతురు సన్నగా కనబడే చోటే వంకర. తరువాత బ్లాకు వైపు నుంచి లోపలికి చూస్తూ తెల్లగోడ వైపు తిప్పాలి. లోపల వలయాలు ఒకదానిలో ఒకటి సమంగా కనిపిస్తే సీదాగా ఉన్నట్టు, ఒక పక్కకు జరిగి కనిపిస్తే వంగినట్టు. తాడిపత్రి బండ మీద దొర్లించి చూడమని కొందరు చెబుతారు. బండ నునుపుగా ఉన్నంత మాత్రాన సమతలం కాదు, పైగా బ్లాకు అడ్డం వస్తుంది.

సరిచేయడానికి బెంచి వైస్ చాలు. ఒక దవడ వైపు రెండు టేకు ముక్కలు 250 మి.మీ. ఎడంగా, ఎదుటి దవడ వైపు మధ్యలో ఒక ముక్క, వంకర ఉబ్బిన వైపు ఈ మధ్య ముక్కకు ఆనేలా. తోలు చుట్టి మెల్లగా బిగించాలి. మొదట ఎంత బిగించినా వదిలేయగానే ఉక్కు తిరిగి పాత వంకరకే వస్తుంది. విసుగుతో ఒక్కసారిగా అర చుట్టు తిప్పితే ఎదురు వంకర ఖాయం. ప్రతిసారీ పావు చుట్టు చొప్పున పెంచి, విప్పి, స్కేలు పెట్టి చూడాలి. మూతి వైపు చివరి 50 మి.మీ. జోలికి పోకూడదు, కొన్ని బ్యారెళ్లు అక్కడ లోపల రవంత బిగుతుగా ఉంటాయి. సుత్తి వద్దు, గ్యాస్ మంట అసలే వద్దు. ఈ పనికి రెండు గంటలు పట్టింది. నాలుగేళ్లయినా గురి జరగలేదు.

అసలు గురి చెదిరింది తరువాత. నాలుగు వేల పెల్లెట్లు దాటాక గ్రూపు 13 నుంచి 30 మి.మీ.కి పోయింది, అదీ అడ్డంగా. స్కేలు పెడితే బ్యారెల్ సీదాగానే ఉంది. మూతి పట్టుకుని కుడి ఎడమలకు ఊపితే సన్నగా టక్ మంది. పివట్ అరిగింది. ఎర్రమట్టి దుమ్ము నూనెలో కలిసి రాపిడి పేస్టులా పనిచేస్తుంది, మన జిల్లాలో ఈ అరుగుదల తప్పదు. రెండు వైపులా 0.1 మి.మీ. స్టీలు వాషర్లు వేసి బోల్టు బిగిస్తే గ్రూపు మళ్లీ 15కు దిగింది. బిగింపు కొలత ఇది: మడిచిన బ్యారెల్ ఏ వాలులో వదిలితే అక్కడే నిలబడాలి, సొంత బరువుకు జారకూడదు. పరీక్షించేటప్పుడు పట్టు సడలించి చూడాలే తప్ప చేయి బ్యారెల్ చుట్టూ నుంచి తీయకూడదు, వేలు ట్రిగ్గర్ దగ్గరికి రాకూడదు.

పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో పది మార్కుల చుక్క 0.5 మి.మీ. మాత్రమే. 2012 లండన్‌లో హైదరాబాద్ గగన్ నారంగ్ కంచు గెలిచిన ఈవెంట్ అదే. ఆ రైఫిళ్లలో బ్యారెల్ మడవడం అనేదే లేదు, బిగించి ఉంటుంది. ప్రతిసారీ విరిచి మూసే బ్యారెల్‌తో ఆ చుక్కను ఆశించడం అత్యాశ.

మూతి అంచు చూడటానికి చెవి పుల్ల చాలు. దూదిని అంచు చుట్టూ తిప్పితే ఎక్కడైనా పోగు తగులుకుందంటే అక్కడ గరుకు ఉన్నట్టే. గుండు తల ఇత్తడి స్క్రూకు వాల్వ్ గ్రైండింగ్ పేస్ట్ పూసి, డ్రిల్లుకు బిగించి, నెమ్మదిగా అటూ ఇటూ వంచుతూ తిప్పితే నిమిషంలో పోతుంది. లోపలికి పేస్టు పోకుండా ముందే గుడ్డ దూర్చాలి.

బ్లాకు దగ్గర గాలి కారుతోందా చూడటానికి సందు మీద టిష్యూ కాగితం ముక్క పెట్టి పెల్లెట్ వేసి కాల్చాలి. కాగితం ఎగిరితే సీల్ మార్చాలి.

పెల్లెట్ల దగ్గర పొదుపు పనికిరాదు. చౌక డబ్బాలో సగానికి పావాడ (పెల్లెట్ వెనక విచ్చుకుని ఉండే బోలు భాగం) అంచులు నొక్కుకుని వస్తాయి. ఒక్కోదాన్ని రాడ్డుతో బ్యారెల్ గుండా తోసి చూస్తే చేతికే తెలుస్తుంది: మంచిది మొదటి నుంచి చివరిదాకా ఒకే బరువుగా కదులుతుంది, చెడ్డది మధ్యలో జారిపోతుంది. తలల కొలత 4.50, 4.51, 4.52 అని డబ్బా మీద రాసి ఉన్నవి కొని మూడూ పరీక్షించాలి. ఈ బ్యారెల్‌కు 4.51 నప్పింది.

మే నెలలో ఎండలో పెడితే గ్రీజు కరిగి పిస్టన్ ముందుకు చేరుతుంది. కాల్చగానే పెద్ద శబ్దం, మూతి నుంచి పొగ, పెల్లెట్ పైకి పోతుంది. మండుతున్నది ఆ గ్రీజే. నీడలో పది పదిహేను పెల్లెట్లు కాల్చితే సర్దుకుంటుంది. స్ప్రింగ్ రైఫిల్‌ను గట్టిగా అదిమి పట్టినా గ్రూపు చెదురుతుంది, ఎడమ అరచేతిలో వదులుగా ఆనించి వదిలేయాలి. స్టాకు స్క్రూలు ప్రతి 200 పెల్లెట్లకు ఒకసారి బిగించి చూడాలి.

టార్గెట్ వెనక కడప బండ పెట్టకండి, పెల్లెట్ తిరిగి ముఖం మీదికే వస్తుంది. ఇసుక నింపిన గోనెసంచి మంచిది.

ఆరేళ్లలో మార్చినవి: స్ప్రింగ్ ఒకటి, పిస్టన్ సీల్ ఒకటి, బ్లాకు సీళ్లు మూడు, పివట్ వాషర్లు రెండు. బ్యారెల్ మాత్రం మొదటిదే.