కెమెరా నుంచి లినక్స్‌కు ఫొటోలు: ఆరేళ్ల వాడకం తర్వాత

హన్మకొండలోని మా ఇంట్లో ఉబుంటు అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టం ఎక్కించిన ఒక పాత ల్యాప్‌టాప్, నికాన్ డీ5300 కెమెరా ఆరేళ్లుగా జోడీగా పనిచేస్తున్నాయి. రామప్ప గుడి మదనికలు, పద్మాక్షి గుట్ట దగ్గరి సద్దుల బతుకమ్మ, చుట్టాల పెళ్లిళ్లు అన్నీ ఆ దారిలోనే కంప్యూటరుకు చేరాయి. లినక్స్ కెమెరాను గుర్తిస్తుందా అని ఇప్పటికీ కొందరు సందేహంగా అడుగుతుంటారు. డ్రైవరు కోసం నేను ఒక్కసారి కూడా వెతకవలసి రాలేదు.

కేబుల్ పెట్టగానే కెమెరా పీటీపీ అనే ఫొటోల బదిలీ పద్ధతిలో మాట్లాడుతుంది, లినక్స్‌లోని లిబ్‌జీఫోటో2 అనే సాఫ్ట్‌వేర్ దాన్ని అర్థం చేసుకుంటుంది. షాట్‌వెల్, డిజికామ్ వంటి ఫొటో ప్రోగ్రాములు కూడా కెమెరాతో మాట్లాడేది దీని ద్వారానే. మొదట్లో నన్ను తికమక పెట్టింది ఒక్కటే: ఫైల్ మేనేజరు కెమెరాను ముందే తన చేతిలోకి తీసుకుంటే, ఆదేశాలు టైపు చేసే టెర్మినల్‌లో జీఫోటో2 అనే ఫొటోలు దించే ప్రోగ్రాము నడిపినప్పుడు పరికరం అందడం లేదన్న సందేశం వస్తుంది. తప్పు కేబుల్‌దే అనుకుని రెండు కేబుళ్లు మార్చాను. నిజానికి ఫైల్ మేనేజరులో కెమెరాను అన్‌మౌంట్ చేస్తే, అంటే దాన్ని వదిలేయమంటే, సరిపోయేది.

పాతిక, ముప్పై ఫొటోలకు కేబుల్ చాలు. ఒక్కొక్కటి ఇరవై ఎంబీలకు పైబడిన రా ఫైళ్లు (కుదించని అసలు ఫొటో సమాచారం ఉన్నవి) వందల్లో ఉన్నప్పుడు మాత్రం ఈ కెమెరాలోని యూఎస్‌బీ 2.0 ఓపికను పరీక్షిస్తుంది, పైగా అంతసేపూ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. అందుకే కార్డు రీడరుకు మారాను. 64 జీబీ కార్డులు సాధారణంగా ఎక్స్‌ఫ్యాట్ అనే ఫైల్ పద్ధతిలో ఉంటాయి. ఒకప్పుడు దానికి విడిగా ప్యాకేజీ వేసుకోవలసి వచ్చేది; 2019లో లినక్స్ కేంద్ర భాగమైన కెర్నల్ 5.4తో మద్దతు లోపలికే వచ్చింది, 2020లో 5.7తో మెరుగైన డ్రైవరు చేరింది.

నా అసలు నష్టం వేగం వల్ల జరిగింది కాదు, పేర్ల వల్ల జరిగింది. కెమెరా పెట్టే ఫైల్ పేర్లలో డీఎస్‌సీ తర్వాత వచ్చే నాలుగు అంకెల వరుస 9999 దాటగానే మళ్లీ 0001 నుంచి మొదలవుతుంది. అన్నింటినీ ఒకే ఫోల్డరులో పోసుకునే అలవాటున్న నేను, అదే పేరుతో ఫైలుంది, మార్చమంటారా అని అడిగినప్పుడు తొందరలో అన్నింటికీ సరేనని నొక్కాను. బతుకమ్మ ఫొటోలు వచ్చాయి కానీ, రామప్పలో ఒక ఉదయమంతా తీసిన నంది ఫొటోలు పోయాయి. ఆ కార్డును అప్పటికే ఫార్మాట్ చేసేశాను.

ఆ తర్వాత ర్యాపిడ్ ఫోటో డౌన్‌లోడర్ అనే ప్రోగ్రాముకు మారాను. ఇది ఫొటో తీసిన తేదీ, సమయాలను బట్టి పేరు పెడుతుంది, అదే ఊపులో రెండో డిస్కుకూ నకలు రాస్తుంది, ఇంతకుముందు దించినవాటిని గుర్తుపెట్టుకుంటుంది. పాత యంత్రంపై సూక్ష్మచిత్రాలు చూపడానికి కొంత తడబడుతుంది, ఆ ఒక్కటీ ఓర్చుకోవాలి. కెమెరా గడియారం సరిగ్గా ఉండటం మాత్రం తప్పనిసరి. ఒకసారి బ్యాటరీ తీసి నెలల తరబడి పక్కన పెట్టాక గడియారం వెనక్కి పోవడంతో, ఒక పెళ్లి మొత్తం ఏవో పాత సంవత్సరాల ఫోల్డరులోకి వెళ్లిపోయింది. ఫొటోలోని తేదీ వివరాలను మార్చే ఎగ్జిఫ్‌టూల్‌తో సమయాలన్నీ ముందుకు జరిపి సరిచేసుకున్నాను.

ఇక రెండో డిస్కు సంగతి. తెరపై గీత నిండినంత మాత్రాన రాయడం పూర్తయినట్టు కాదు, కొంత సమాచారం ఇంకా మెమరీలోనే ఉంటుంది. ఎజెక్ట్ నొక్కి, ఇక తీయవచ్చన్న సందేశం వచ్చేవరకు డిస్కును ముట్టుకోను. రెండు చోట్లా నాలుగైదు ఫొటోలు తెరిచి చూసిన తర్వాతే కార్డును ఫార్మాట్ చేస్తాను, అదీ కంప్యూటరులో కాదు, కెమెరాలోనే.