అరసున్నతో ఫ్రెంచి: ఇరవై ఆరు నెలల వాడకం తర్వాత

మొదటి వారమే మా నాన్నమ్మ తేల్చేసింది. "ఏటే గుంటా, ముక్కుతోటి మాటాడతన్నావు? జలుబు సేసిందేటి?" వంటింటి గట్టు మీద ఫోను నిలబెట్టుకుని నేను "పేఁ, పోఁ, పాఁ" అని వల్లిస్తున్నాను. రొట్టె, వంతెన, నెమలి. మూడింటికీ తేడా అచ్చులో ఉంది, అచ్చేమో ముక్కులో ఉంది. ఒక్కటి తప్పితే వంతెన మీద నెమలి బదులు నెమలి మీద రొట్టె వస్తుంది.

మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బజారులో రెండూ, బడిలో ఒడియా. బి.ఇడి. చదువుతూ, ఏ క్లాసుకూ వెళ్లకుండా, 26 నెలలుగా ఫోను మీద ఫ్రెంచి నేర్చుకుంటున్నాను. విశాఖపట్నం వైపు సి.బి.ఎస్.ఇ. బళ్లలో ఫ్రెంచి చెప్పేవాళ్లకు గిరాకీ ఉందని ఎవరో అంటే మొదలుపెట్టాను. ఇంతకన్నా గొప్ప కారణం అడగొద్దు. ఈమధ్యే డెల్ఫ్ అనే ఫ్రెంచి పరీక్షలో ఏ2 మెట్టు పాసయ్యాను. ఈ రెండేళ్లలో ఏది పనికొచ్చింది, ఏది పొద్దు పుచ్చింది అన్నది ఇక్కడ రాస్తున్నాను. ఫోనులో ముప్పై యాప్‌లు ఎక్కించి దించినవాళ్లకు ఉపయోగపడొచ్చు.

మొదట ఎక్కించుకున్నది ఆటలాంటి యాప్. పేరు చెప్పను. రోజూ చేస్తే వరస పెరుగుతుంది, ఒక్కరోజు మానితే మళ్లీ ఒకటి నుంచి. 211 రోజులు నడిపాను. టెక్కలిలో మా చిన్నాన్న కూతురి పెళ్లి రాత్రి, తలంబ్రాల వేళ, అందరూ అక్షింతలు పట్టుకుని నిలబడితే నేను విడిది స్నానాల గదిలో కూర్చుని వరస కాపాడుకున్నాను. ఆ నెలలోనే సైకాలజీ పేపరులో స్కిన్నర్ పావురాల పాఠం వచ్చింది. మీట పొడిస్తే గింజ, మళ్లీ పొడిస్తే మళ్లీ గింజ. చదువుతుంటే ముఖం వేడెక్కింది. ఆ రాత్రే కాగితం తీసి "మా నాన్నకి సైకిల్ షాపుంది, పంక్చర్లు వేస్తాడు" అని ఫ్రెంచిలో రాయబోయాను. రాలేదు. 211 రోజుల తర్వాత నా ఇంటి సంగతి ఒక్క ముక్క రాలేదు. మొదటి రెండు నెలల్లో ఆ యాప్ నా బెరుకు పోగొట్టింది, ఆ మేలు మరిచిపోను. ఆ తర్వాత ఐదు నెలలు నా సొంత పొరపాటు.

నా చదువంతా నిలబడింది ఆంకీ అనే యాప్ మీద. తెలియనివాళ్ల కోసం: ఇది చీటీల పెట్టె. ముందువైపు ప్రశ్న, వెనకవైపు జవాబు. గుర్తున్న చీటీ నాలుగు రోజులకో పది రోజులకో మళ్లీ కనిపిస్తుంది, మరిచిపోయింది ఆ రోజే తిరిగొస్తుంది. 1885లో ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ ఆయన అర్థంలేని అక్షరాల ముక్కలు తనే బట్టీపట్టి, ఎన్నాళ్లకు ఎంత మరిచిపోతున్నాడో లెక్కగట్టాడు. ఆ విస్మృతి వక్రం గీసి మార్కులు తెచ్చుకున్న బి.ఇడి. వాళ్లం, దాన్ని మన చదువుకి వాడుకోవడం మాత్రం ఎవరికీ తట్టదు. ఆండ్రాయిడ్ ఫోనుకి ఉచితం, ప్రకటనలు లేవు, నెట్ లేకున్నా నడుస్తుంది. చూడ్డానికి పాత గవర్నమెంటు ఆఫీసు ఫారంలా ఉంటుంది, ఉండనీయండి.

ఇక్కడ నేను చేసిన తప్పు మీరు చేయకండి. ఎవరో తయారుచేసిపెట్టిన ఐదువేల చీటీల కట్ట దించుకున్నాను. ఊరివాళ్ల పెళ్లి ఆల్బమ్ చూసినట్టే, ఒక్క ముఖమూ గుర్తుండలేదు. అదంతా చెరిపేసి, రోజుకి ఎనిమిది చొప్పున నా వాక్యాలతో నేనే రాసుకున్నాను. ముందు తెలుగు, వెనక ఫ్రెంచి, దాని కింద తెలుగు లిపిలో ఉచ్చారణ. ఇప్పుడు 2,300 దాటాయి. సెమిస్టర్ పరీక్షలప్పుడు తొమ్మిది రోజులు తెరవకపోతే 640 చీటీలు నా కోసం కాచుక్కూర్చున్నాయి. బియ్యంలో రాళ్లు ఏరినట్టు వారం పట్టింది.

ఉచ్చారణ తెలుగు లిపిలో రాయడం దగ్గరే నాకు అసలు దారి దొరికింది. పాఠాలన్నీ ఇంగ్లీషు మీదుగా నడుస్తాయి. ముక్కు అచ్చు గురించి అడిగితే "ఇంగ్లీషు సాంగ్ అనబోయి చివర గ్ మింగేయండి" అంటాయి. మింగాను, దగ్గొచ్చింది. ఒకరోజు రైతుబజారు దగ్గర నాన్నమ్మ రిక్షా అతనితో బేరం ఆడుతోంది. "నాహిఁ, నాహిఁ!" చెవి చటుక్కున నిక్కింది. హఁ, పాఇఁ, కాహిఁకి. ఒడియాలో చంద్రబిందువు, అంటే ముక్కుతో పలికించే గుర్తు, ఇంకా బతికే ఉంది. మన తెలుగులో అది అరసున్న. పాత పుస్తకాల్లో కనపడుతుంది, పలకడం ఎప్పుడో పోయింది. నాకు జలుబు చేసిందన్న మనిషే అరవయ్యేళ్లుగా ముక్కుతో బేరాలాడుతోంది! ఆ సాయంత్రమే చీటీలన్నీ దిద్దాను. ద్రాక్షసారాకి వేఁ, గాలికి వాఁ, "వెళ్తారు" అనడానికి వోఁ. ఒడియా నోటితో, తెలుగు అరసున్నతో చదివితే సరిపోయింది. ఆరు నెలలుగా లొంగనిది పదిహేను రోజుల్లో లొంగింది.

సంధులదీ అదే కథ. "లె", "ఆమీ" కలిస్తే "లామీ". దీనికి యాప్‌లు రంగురంగుల బొమ్మలు గీసి చూపిస్తాయి. వాడు ఎక్కడ అంటే వాడెక్కడ అవుతుందని ఏడో తరగతిలోనే చదివినవాళ్లకు బొమ్మలెందుకు? బహువచనంలో "లే ఆమీ" కాస్తా "లేజామీ" అవుతుంది, మధ్యలో ఒక జకారం మొలుస్తుంది. అయితే సంధి చేయకూడని చోట్లు ఉంటాయి, అక్కడ జాగ్రత్త. వీరులు అనాలంటే "లే ఎరో" అని విడదీయాలి. కలిపి "లేజెరో" అన్నారో, వీరులంతా సున్నాలైపోతారు.

లొంగనిది ఒకటి మిగిలింది. పెదవులు "ఊ"కి చుట్టి లోపల "ఈ" అనాలి. మనవాళ్లకు ఈ ధ్వనితో పాత బాకీ ఉంది. 1757 బొబ్బిలి యుద్ధం కథలో మనం బుస్సీ, బుస్సీ అని తిట్టుకునే ఆ ఫ్రెంచి సేనాని పేరులో ఉన్నది అదే. ఫోర్వో అనే ఉచ్చారణల సైటులో ఫ్రెంచివాళ్లే ఒక్కో మాటా పలికి పెడతారు. అక్కడ విని, నా గొంతు ఫోనులో రికార్డు చేసి, పక్కపక్కన పెట్టుకుని వింటాను. ఇప్పటికీ నా బుస్సీ బొబ్బిలి బుస్సీయే.

వినడానికి రెండున్నాయి. తేవే సేఁక్ మోఁద్ (TV5MONDE) అనే ఫ్రెంచి టీవీ వాళ్ల పాఠాల సైటు ఉచితం. చిన్న వీడియో, దాని మీద అభ్యాసాలు, ఏ1 నుంచి బీ2 దాకా. ఎరెఫీ (RFI) అనే ఫ్రెంచి రేడియోది "సులభ ఫ్రెంచిలో వార్తలు", పది నిమిషాలు, చదివిన పాఠమంతా రాసి కూడా పెడతారు. మొదట చూడకుండా వింటాను, తర్వాత చూస్తూ, మళ్లీ చూడకుండా. నాలుగు నెలలు ఊళ్ల పేర్లు తప్ప ఏమీ అంతుపట్టలేదు. ఆ ఊళ్లు కూడా పారిస్ కంటే డాకార్, కిన్షాసా, అబిజాన్ ఎక్కువ. ఫ్రెంచి అంటే ఈఫిల్ టవరు అనుకున్నదాన్ని, ఆఫ్రికా పటం అచ్చేయించి గోడకి అంటించుకున్నాను. రాత్రి వైఫైలో దించుకుంటే నౌపడ ప్యాసింజర్లో పొద్దున వినొచ్చు, నడుమ సిగ్నల్ పోయినా బెంగలేదు.

డబ్బు పెట్టినది ఒక్కటే, ఒక ఆన్‌లైన్ క్లాసుల సంస్థ. మూడు నెలలకు ముందే కట్టించుకున్నారు, నలుగురు టీచర్లను మార్చారు, ప్రతి ఒక్కరూ "మీ పేరేమిటి" దగ్గరే మొదలుపెట్టారు. డబ్బు వెనక్కి రాలేదు.

మాట్లాడటం దగ్గర పరికరాలన్నీ చేతులెత్తేశాయి. భాష ఇచ్చిపుచ్చుకునే యాప్ ఒకటి ప్రయత్నించాను. వచ్చిన సందేశాల్లో సగానికి నా ఫ్రెంచి అక్కర్లేదు, నా ఫొటో కావాలి. విసిగిపోయి తీసేయబోతుండగా ఫ్రాన్సులోని బ్రిటనీలో ఒక రిటైర్డ్ టీచరమ్మ దొరికింది. ఆమెకు ఇంగ్లీషు కావాలి. ఆదివారాలు అరగంట ఫ్రెంచి, అరగంట ఇంగ్లీషు. వేసవిలో మాకూ వాళ్లకూ మూడున్నర గంటల తేడా, చలికాలంలో నాలుగున్నర. ఇది తెలియక అక్టోబరు చివర గంటసేపు ఒట్టి తెర చూస్తూ కూర్చున్నాను. మూడో నెలలో "నన్ను త్యు అను" అంది, అంటే నువ్వు అనమని. అమ్మ వయసు మనిషిని, అందులోనూ టీచరమ్మని, నువ్వు అనడానికి నాలుక తిరగలేదు. ఈరోజుకీ "వూ", అంటే మీరు, అనే అంటున్నాను. ఆమె నవ్వి ఊరుకుంటుంది.

మా ఊళ్లో ఉండి పరాయి భాష నేర్చిన పెద్దాయన ఒకరున్నారని ఈ సమీక్ష చదివే తెలుగువాళ్లకు చెప్పక్కర్లేదు. గిడుగు రామమూర్తి 1880లో ఇక్కడి బడిలో టీచరుగా చేరి, సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని సవర నేర్చుకున్నారు, 1931లో ఆ భాషకు వ్యాకరణం అచ్చయింది. ఆయనకు నిఘంటువు లేదు, రాసుకోవలసి వచ్చింది. నాకు ఒక్క మాటకు నాలుగు నిఘంటువులున్నాయి. విసుగు పుట్టినప్పుడల్లా ఇది తలుచుకుని సిగ్గుపడతాను, అప్పుడు కూడా పూర్తిగా కాదు. ఆయనకు ఫోను లేదు, మరి.

ఇక లెక్కలు. ఫ్రెంచిలో 60 వరకు నడక బాగుంటుంది. 70 అంటే అరవై-పది. 80 అంటే నాలుగు ఇరవైలు. 93 అంటే నాలుగు ఇరవైలు, పదమూడు: కాత్ర్-వేఁ-త్రేజ్. వార్తల్లో సంవత్సరం చెబితే నేను కూడిక ముగించేలోపు వాతావరణం కూడా అయిపోయేది. ఇంటర్న్‌షిప్ పదహారు వారాలు గుమ్మ వైపు కొండల్లో ఒక బడిలో పడింది. పిల్లలు ఎక్కువమంది సవరలు. మధ్యాహ్నం భోజనాల వేళ వరండాలో చీటీలు తిప్పుతూ గొణుక్కుంటుంటే ఆరో తరగతి కుర్రాడు వచ్చి ఏమిటని అడిగాడు. ఒడియాలో చెప్పాను, ఇలా నాలుగు ఇరవైలంటారట, పిచ్చి లెక్క అని. వాడు నన్ను జాలిగా చూశాడు. "మేమూ అంతే అంటాం దీదీ." 93కి వాళ్ల ఇంట్లో నాలుగు ఇరవైలు, పన్నెండు, ఒకటి. సవరలో పన్నెండు దాకా ఒక మెట్టు, ఇరవైకి ఇంకో మెట్టు. వాణ్ణి కూర్చోబెట్టుకుని ఇద్దరం 61 నుంచి 99 వరకు లెక్కపెట్టాం, వాడు సవరలో, నేను ఫ్రెంచిలో. 80 దగ్గర ఇద్దరం ఒకేసారి ఆగాం. ఆ రోజు తర్వాత నాకు రేడియోలో సంవత్సరాలు వినిపిస్తున్నాయి. వాడు తొమ్మిదో ఎక్కం తప్పు చెప్పినప్పుడు నేను ఎర్ర ఇంకు తీయడం కూడా కాస్త తగ్గింది.

డెల్ఫ్ పరీక్ష హైదరాబాదులో అలియాఁస్ ఫ్రాఁసేజ్ అనే ఫ్రెంచి భాషా కేంద్రంలో రాశాను, పలాసలో రైలెక్కి. నాలుగు భాగాలు, ఒక్కోటి 25, మొత్తం మీద 50 రావాలి, ఏ భాగంలోనూ 5కి తగ్గకూడదు. నాకు 68. చదవడంలో 21, మాట్లాడటంలో 13. పైన రాసిందంతా ఈ రెండు అంకెల్లోనే కనపడుతుంది.

ఇప్పుడు ఫోనులో మిగిలినవి ఆంకీ, రేడియో, ఫోర్వో, టీచరమ్మ నంబరు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఆటల యాప్‌ను రెండు నెలలు వాడి తీసేయండి. డబ్బు ఉంటే పరీక్ష ఫీజుకు దాచుకోండి. ఒడియా వచ్చినవాళ్లు, చంద్రబిందువు మీ చేతిలో ఉంది, వాడుకోండి.

వచ్చే ఆదివారం టీచరమ్మకి 93ని సవరలో చెబుతానని మాటిచ్చాను. కుర్రాడు చెప్పింది చెయ్యి మీద రాసుకున్నాను, చేయి కడిగేశాను. శనివారం మళ్లీ గుమ్మ బస్సు ఎక్కాలి.