సుబాబులా, జామాయిలా? వడ్డీ లెక్కలో తేలే జవాబు

వేసవి దుక్కులు అయ్యేసరికి ఈ ప్రశ్న మొదలవుతుంది. కనిగిరి నుంచి ఒకరు, పొదిలి నుంచి ఒకరు, కొండపి నుంచి ఇంకొకరు: “మెట్ట నాలుగెకరాలు ఖాళీగా పడుంది, సుబాబుల్ వెయ్యమంటారా, జామాయిల్ వెయ్యమంటారా?” రెండూ కాగితం మిల్లుల గుజ్జుకు పోయే కర్ర చెట్లే, జామాయిల్ అంటే యూకలిప్టస్. ఈమధ్య ఉదయగిరి, రాపూరు వైపు వాళ్ళు ఎర్రచందనం గురించి కూడా అడుగుతున్నారు. అందరికీ ఫోన్లో విడివిడిగా చెప్పేకంటే ఒకసారి రాసిపెడితే నయం. చదివింది అటవీ ఆర్థికశాస్త్రం కాబట్టి అంకెలు కాస్త ఎక్కువే వస్తాయి, ఓపిక పట్టండి.

ఫోన్ చేసిన ప్రతివాళ్ళూ ముందు టన్ను రేటు అడుగుతారు. నన్నడిగితే అది ఆఖర్న చూడాల్సిన సంగతి. నాలుగేళ్ళ తరవాతి రేటు ఇవాళ చెప్పగలిగేవాడు ఎవడూ లేడు. ఇవాళే తెలిసేది ఒకటుంది: తోటలో పెట్టే డబ్బు ఎవరిది, దానికి వడ్డీ ఎంత?

మన ఊళ్ళల్లో మామూలు వడ్డీ నెలకు నూటికి రెండు రూపాయలు. మూడేళ్ళు దాటితే ప్రామిసరీ నోటు చెల్లదు కాబట్టి తిరగరాస్తారు, అప్పుడు వడ్డీ అసల్లో కలుస్తుంది. అంటే వంద రూపాయలు మూడేళ్ళకు 172 అవుతుంది, నాలుగో ఏడు ఆ 172 మీద వడ్డీ నడిచి 213 అవుతుంది. ఇప్పుడు తోటకు రండి. జామాయిల్ క్లోన్ మొక్కలు (మేలైన చెట్టు కొమ్మ నుంచి పెంచినవి), గుంతలు, నాటు కూలి, మొదటి ఏడాది దున్నకం అన్నీ కలిపి ఎకరానికి ఇరవై వేలు అనుకుందాం. సుబాబుల్ విత్తనం వేడినీళ్ళలో నానబెట్టి సాళ్ళలో వేసుకోవచ్చు. మేకల నుంచి కాపలాతో సహా ఆరు వేలు అనుకుందాం. మీ ఊరి ఖర్చు వేరైతే ఆ అంకెలు వేసుకోండి, లెక్క కట్టే పద్ధతి మాత్రం ఇదే. నాలుగేళ్ళకు కొట్టే రోజుకు జామాయిల్ మీద అప్పు 42,650, సుబాబుల్ మీద 12,800. మధ్యలో తేడా దాదాపు ముప్పై వేలు. కొట్టుడు కూలి, లారీ కిరాయి పోను టన్నుకు మూడు వేలు చేతికొస్తుందనుకుంటే, జామాయిల్ సుబాబుల్ కంటే ఎకరానికి పది టన్నులు ఎక్కువ తూగాలి. అప్పుడే రెండూ సమానం. అదే డబ్బు బ్యాంకులో తొమ్మిది శాతానికి తెచ్చుకుంటే ఆరున్నర టన్నులు ఎక్కువొస్తే చాలు.

కాబట్టి “ఏది మేలు” అన్న ప్రశ్న “నా చేలో జామాయిల్ పది టన్నులు ఎక్కువ తూగుతుందా?” అన్న ప్రశ్న అవుతుంది. లోతైన ఎర్రనేలలో, మంచి క్లోన్ అయితే తూగొచ్చు. అడుగు తవ్వితే గులకరాయి తగిలే నేలలో కష్టం. గడ్డపార పట్టుకుని నాలుగు చోట్ల గుంత తీసి చూస్తే మీకే తెలుస్తుంది.

జామాయిల్ వైపు మాట్లాడేవాళ్ళ దగ్గరా బలమైన వాదన ఉంది. మొదటి కోతలో ఓడినా రెండో కోతలో గెలుస్తుంది. మోడు నుంచి పిలకలు వస్తాయి, మొక్కల ఖర్చుండదు, మోడుకు ఒకటో రెండో పిలకలు ఉంచి మిగతావి కొట్టేస్తే సరి. అదనంగా వచ్చే టన్నులన్నీ లాభమే. పైగా జామాయిల్ ఆకు మేక ముట్టదు. నిజమే. కానీ పిలకలు సుబాబుల్‌కూ వస్తాయి. సొంత భూమి, సొంత డబ్బు, పన్నెండేళ్ళ దాకా ఆ చేను జోలికి వెళ్ళనక్కర్లేని ఇల్లు అయితే జామాయిల్ లెక్క కుదురుతుంది. నాలుగేళ్ళ కౌలుకు తీసుకుని జామాయిల్ పెట్టేవాణ్ణి చూస్తే మాత్రం జాలేస్తుంది. పిలకల పంట భూమిగల ఆసామికే పోతుంది.

ఎప్పుడు కొట్టాలన్నదీ వడ్డీతోనే తేలుతుంది. తోట మూడో ఏట 18 టన్నులు, నాలుగో ఏట 27, ఐదో ఏట 33 అనుకోండి. మూడు నుంచి నాలుగుకు పెరుగుదల యాభై శాతం, నాలుగు నుంచి ఐదుకు ఇరవై రెండు. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి ఇరవై నాలుగు. నాలుగో ఏడు దాటాక చెట్టు పెరిగే శాతం కంటే వడ్డీ శాతం ఎక్కువ. తొమ్మిది శాతం అప్పువాడు ఇంకో ఏడాది రెండేళ్ళు ఆగొచ్చు కదా అనిపిస్తుంది. ఇక్కడే 1849లో మార్టిన్ ఫాస్ట్‌మన్ అనే జర్మన్ అటవీ నిపుణుడు ఒక మెలిక పట్టుకున్నాడు. నిలబడి ఉన్న చెట్టు కింద నేల కూడా ఇరుక్కుని ఉంటుంది. ముసలి చెట్టును ఏడాది ఆపితే రాబోయే పంటలన్నీ ఏడాది వెనక్కి జరుగుతాయి. ఆ నష్టాన్నీ కలుపుకుంటే సొంత డబ్బువాడు కూడా అనుకున్నదానికంటే ముందే కొట్టాలి. ఇప్పటికీ అటవీ ఆర్థికశాస్త్రం పాఠాలు ఆయన సూత్రం దగ్గరే మొదలవుతాయి.

“రేటు పడిపోతే కొట్టకుండా ఆగొచ్చు, పొగాకులా చెడిపోదు కదా” అనే ధైర్యం చాలామందికి ఉంది. ఎంతకాలం ఆగొచ్చో పై లెక్కే చెబుతుంది.

ఇక కొనేవాళ్ళ సంగతి. 1988 జాతీయ అటవీ విధానం పరిశ్రమలను అడవి మీద పడొద్దని, కావాల్సిన కర్రను రైతుల చేత పెంచించుకోమని చెప్పింది. అడవికి మంచిదే జరిగింది. రైతుకు మాత్రం గుప్పెడు మిల్లులు తప్ప దిక్కులేని సరుకు తయారైంది. మన కర్ర పోయేది సారపాక కాగితం మిల్లుకో, రాజమండ్రి మిల్లుకో. 2014లో వరంగల్ వైపు కమలాపురం గుజ్జు మిల్లు ఆగిపోయినప్పుడు కొనేచోటు ఇంకొకటి తగ్గింది. దానికి తోడు రేటు బాగున్న ఏడాది ఊరంతా నాటుతుంది, నాలుగేళ్ళకు ఊరంతా ఒకేసారి కొడుతుంది. సర్కారు మార్కెట్ కమిటీల ద్వారా రేటు ప్రకటించినా, కాటా దగ్గర చేతికొచ్చేది వేరుగా ఉండటం ఇక్కడ చాలామందికి అనుభవమే.

ఒక చిన్న సంగతి. కొట్టిన కర్ర పచ్చిగా ఉన్నప్పుడే బరువు. ముఠా కొట్టి, తొక్క తీసి, గట్టున పేర్చాక లారీ రావడం ఆలస్యమైతే ఎండకు చివర్లు పగుళ్ళిచ్చి కర్ర తేలికవుతుంది. మే నెల ఎండలో ఆ తరుగు రైతుదే. అందుకే తోట మీద గుత్తకు ఇవ్వాలా, టన్ను లెక్కన ఇవ్వాలా అన్నప్పుడు, లారీ చేతిలో లేనివాడు గుత్తకే మొగ్గు చూపడం తెలివితక్కువ కాదు. ఈ విషయంలో రెండు చెట్లూ ఒకటే.

నీళ్ళ దగ్గర మాత్రం ఒకటి కాదు. “జామాయిల్ నీళ్ళు తాగేస్తుంది” అన్నమాట అందరూ అంటారు, అది ఎక్కడ నిజమో తక్కువమంది చెబుతారు. బ్రిటిష్ జలశాస్త్రవేత్త ఇయాన్ కాల్డర్ బృందం కర్ణాటకలో చెట్లు వాడే నీటిని కొలిచింది. బెంగళూరు పక్కన హోస్కోటె దగ్గర లోతు నేలల్లో మూడేళ్ళలో 2,100 మిల్లీమీటర్ల వాన పడితే జామాయిల్ తోట 3,400 దాకా వాడింది. మిగతాది నేల లోపల ఏళ్ళ తరబడి దాచుకున్న తేమ. లోతు తక్కువ నేలల్లో మాత్రం జామాయిల్ వాడకం అక్కడి సహజ అడవి వాడకంతో దాదాపు సమానం. 2017లో కర్ణాటక కొత్తగా జామాయిల్ నాటడాన్ని నిషేధించింది.

ఇప్పుడు పైన చెప్పిన పది టన్నులు గుర్తు చేసుకోండి. జామాయిల్ ఎక్కువ తూగే నేల ఏది? లోతైన నేలే. అది లోపలి తేమను తోడేసేదీ అక్కడే. అంటే ఆ అదనపు టన్నుల్లో కొంత భాగం ఖర్చు మన ఖాతాలో కాకుండా చేను కింద, పక్క చేల కింద పడుతోంది. కనిగిరి వైపు బోర్లు ఎంత లోతుకు పోయాయో, నీళ్ళలో ఫ్లోరైడ్ బాధేమిటో కొత్తగా చెప్పేదేముంది.

దీనికి వెల కట్టడం ఎలా? “నీళ్ళు నిలవాలంటే ఏడాదికి ఎంతిస్తారు?” అని జనాన్ని అడిగి కట్టడం ఒక పద్ధతి. పుస్తకంలో బాగానే ఉంటుంది. మన రచ్చబండ దగ్గర అడిగితే, దీనిమీద కొత్త పన్నేదో వేస్తారనుకుని సున్నా చెప్పేవాళ్ళే ఎక్కువ. నాకు నచ్చింది మోటు పద్ధతి: పక్క రైతు బోరు ఇంకో వంద అడుగులు దించడానికి, కొత్త పైపులకు, మోటారు మార్చడానికి అయ్యే ఖర్చు ఎంతో వేసి, ఎన్ని ఎకరాల జామాయిల్ దానికి కారణమో ఆ మేరకు పంచడం. చుట్టుపక్కల బోర్లుంటే ఆ పంపకం తరవాత జామాయిల్ మిగులు చాలాచోట్ల కరిగిపోతుందని నా అభిప్రాయం.

సుబాబుల్‌కూ దోషం లేకపోలేదు. వద్దనుకున్నా పోదు. కాయ పగిలి రాలిన గింజ ఏళ్ళ తరవాత కూడా మొలుస్తుంది, గట్లు, వాగులు పట్టేస్తుంది. జామాయిల్ మోడు జేసీబీతో ఒకసారి తీయిస్తే తీరిపోతుంది. బదులుగా సుబాబుల్ వేళ్ళు నేలకు నత్రజని ఇస్తాయి, కొమ్మ రెమ్మ మేకలకు మేతవుతుంది. ఇన్నీ కూడి తీసేస్తే మెట్టలో నా ఓటు సుబాబుల్‌కే, అప్పు చేసి వేసేవాడైతే రెండు ఓట్లు.

సరుగుడు గురించి ఒక్క ముక్క. కొత్తపట్నం, సింగరాయకొండ, కావలి తీరం వెంట ఇసుక నేల ఉంటే పై చర్చంతా వదిలేసి సరుగుడు వేసుకోండి. మిల్లు కొనకపోతే సెంట్రింగ్ కర్రగా పోతుంది, అదీ కాకపోతే పొయ్యిలోకి పోతుంది. తుఫాను గాలికి పడిపోయే భయం ఎలాగూ ఉంది. మలబార్ వేప ప్లైవుడ్ వాళ్ళు కొంటామంటే చూడండి, లేకపోతే తొందరపడొద్దు.

ఎర్రచందనం. ఎకరానికి ఇరవై నాలుగేళ్ళకు కోటి వస్తుందని నర్సరీవాళ్ళు చెప్పేది నిజమే అనుకుందాం. రెండు రూపాయల వడ్డీ, మూడేళ్ళకోసారి నోటు తిరగరాసే లెక్కలో ఆ కోటి ఇవాళ్టి లక్షా ముప్పై వేలతో సమానం. ఏడు శాతం డిపాజిట్ లెక్కలో అయితే దాదాపు ఇరవై లక్షలు. ఒకే చెట్టు, ఒకే కోటి, ఎవరి డబ్బు అన్నదాన్ని బట్టి ఇంత తేడా. చేవ (వెల పలికే లోపలి ఎర్ర కర్ర) ఎంత కడుతుందో కొట్టేదాకా తెలియదు, కొట్టాలన్నా తరలించాలన్నా అటవీ శాఖ అనుమతి కావాలి. తోటల్లో పెంచిన దుంగల ఎగుమతికి దారి మునుపటికంటే కొంత తెరుచుకున్న మాట నిజం. కాబట్టి చేనంతా వెయ్యకుండా గట్ల మీద వేసుకోండి. నాటిన ఏడాదే అడంగల్‌లో (ఊరి పొలాల రికార్డులో) చెట్ల సంఖ్య రాయించుకోండి, ఇరవై ఏళ్ళ తరవాత అది మీ చెట్టే అని రుజువు చూపాల్సింది మీరే.